రెండో నంబరు అచ్చు

వామంగా
మార్చి 9, 2006

సబీనా అక్కా,

దోన్ ఎవారిస్తో లారీ రేపు మీ వైపు బయల్దేరుతోందని తెలిసి, పనిబల్ల మీదే కాగితం పరిచి రాస్తున్నాను. ఎముకల పొడి తుడిచే కూర్చున్నాన్లే, ముక్కు మూసుకోకు.

ఫోర్తునాతా అత్త సమాధికి నేను రాలేదని నీకు కోపంగా ఉండి ఉంటుంది. రావాలని నాకు మాత్రం ఉండదా? నేను పుకావైకో పొలిమేర దాటితే ఆడవాళ్ళు తలుపులు వేసుకుంటారు. నాకు ఐదేళ్ళప్పుడు మా అమ్మ నన్ను వీపుకి కట్టుకుని ఊరు వదిలింది. వెనక నుంచి పడ్డ రాళ్ళ చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. తలమీద ముసుగు కప్పుకుని, సొంత అక్కని సైనికులకి చూపించిన తెయోఫిలో కూతుర్ని కదా నేను. ఆ పేరు మోసుకుని మీ అమ్మ శవపేటిక వెనక ఎలా నడవను?

ఎముకలు ఎవరివో తేల్చి రాసిన అసలు కాగితం ఈ ఉత్తరంతో పంపుతున్నాను. భద్రంగా దాచుకో. లోయ గోతిలో దొరికినవి రెండే అస్థిపంజరాలు. కాల్చేశారు కాబట్టి బట్ట పీలిక కూడా మిగల్లేదు. ఆ రోజు ఊళ్ళో పోయినవాళ్ళూ ఇద్దరే, మీ అమ్మా మా నాన్నా. హసింతా మామ్మ ఉమ్మి తీసి విదేశానికి పంపితే రెండూ ఆవిడ పిల్లలవే అని తేల్చారు. కాలిన ఎముకల్లో తల్లి పోలిక ఒక్కటే అందింది, అందుకని ఎవరు అక్కో ఎవరు తమ్ముడో ఆ డీఎన్ఏ పరీక్ష విడదీయలేదట. ఇక నా చేతులే గతి. ఒకరి తుంటి ఎముక వెనక గండి వెడల్పుగా ఉంది, అందుకని స్త్రీ అని రాశాను. రెండోవాళ్ళ తుంటి మొత్తం నుజ్జయిపోయింది. ఒకరు అత్త అని తేలాక రెండోది నాన్నే కదా. ఆ ఎముకల పని నాకే ఇమ్మని మా ఆఫీసు పెద్దాయన్ని బతిమాలి తీసుకున్నాను. సొంతవాళ్ళ ఎముకలు సొంతవాళ్ళకి ఇవ్వకూడదు నిజానికి. మేం ముగ్గురమే ఉన్నాం, ఇచ్చేశారు.

ఇద్దరి మణికట్లకీ ఒకటే ఇనపతీగ కట్టి ఉంది. చూపించినవాణ్ణి ఎవరైనా కట్టేస్తారా అని మీ ఊరి పెద్ద దోన్ మెల్చోర్‌ని అడిగాను. "పని తీరాక వాణ్ణీ కడతారమ్మా, వాళ్ళకి కృతజ్ఞత ఏముంటుంది?" అన్నాడు. రెండో పెట్టె మా శ్మశానంలోకి రాదని ఊరంతా వేలిముద్రలు వేసి పంపారు. నాన్న ఇక్కడే, కిటికీ కింద అరలో ఉన్నాడు. సాయంత్రం ఇంటికెళ్ళే ముందు 'వస్తాను నాన్నా' అని చెప్పి వెళ్తున్నాను.

అత్త బట్టలుతికిన రోజు ఎలా జరిగిందో రాయి. మామ్మ తింటోందా?

నీ దెల్మీరా


పుకావైకో
ఏప్రిల్ 2

ఒసే దెల్మీరా,

కోపమా? ఉంది. నువ్వు పక్కన ఉంటే రెండు తిట్టి, నాలుగు రొట్టెలు పెట్టేదాన్ని. మేనమామ కూతురివైనా నాకున్న చెల్లెలివి నువ్వే కదా. కాగితం పొయ్యి పక్కన గోడకి కొట్టాను. నువ్వు పంపిన శాలువా కప్పుకునే రాస్తున్నాను. బిస్కెట్ల ప్యాకెట్టు మాత్రం పక్కింటి పిల్లలకి ఇచ్చేశాను. ఎన్నిసార్లు చెప్పాలే నీకు, నా గడపలోకి బిస్కెట్లు రాకూడదని! రొట్టెలు కాల్చేదాని కొట్లో బిస్కెట్ల డబ్బా లేదని ఊరంతా ఆడిపోసుకుంటున్నా నేను మారలేదు, నీ కోసం మారతానా?

కార్యక్రమం ఘనంగా జరిగింది. ఎముకల్ని మామ్మా నేనూ గోరువెచ్చటి నీళ్ళతో కడిగాం. మామ్మకి కళ్ళు లేకపోయినా చేతులు ఉన్నాయిగా, ఒక్కొక్కటీ తడుముతూ కడిగింది. మధ్యలో ఒకసారి ఆగిపోయింది. "ఏం మామ్మా?" అంటే "ఏం లేదు, నీళ్ళు చల్లారాయి" అంది. అమ్మ పెళ్ళినాటి నీలం పావడా, ఎర్ర అంచుది, ఇరవై రెండేళ్ళుగా పెట్టెలో దాచానే, అది చుట్టాను. కొత్త పూలటోపీ కొని పెట్టాను. దోన్ మెల్చోర్ తనే శవపేటిక భుజాన వేసుకున్నాడు. దారిపొడవునా మగవాళ్ళు టోపీలు తీసి నిలబడ్డారు. అమ్మని అంత గౌరవంగా పంపానని నా కడుపు నిండిపోయింది.

ఐదో రోజు వాగులో అమ్మ పాత బట్టలుతికాం. పోయినమనిషి వెళ్ళిన గుర్తు పడాలని ఇంట్లో నేలంతా బూడిద చల్లి తలుపేసి, అందరం పక్కింట్లో పడుకున్నాం. ఎప్పుడైనా ఇలా చల్లితే తెల్లారి ఏముంటుంది? ఏదో కోడి గీకినట్టు నాలుగు గీతలు ఉంటాయి. అది చూసి ముసలమ్మలు "హాయిగా వెళ్ళిపోయింది" అంటారు. ఈసారి అలా కాదు. ఒకే ఒక్క అడుగు ఉంది, అదీ గుమ్మానికి లోపలివైపు. ఎడమకాలు, చెప్పుల్లేవు. వెడల్పాటి పాదం. చిటికెనవేలు పక్కవేలి మీదకి ఎక్కి ఉంది.

"మీ అమ్మ ఎప్పుడూ ఉత్తకాళ్ళతో తిరిగేదిగా, పాదం పరుచుకుపోయింది" అన్నారు ఆడవాళ్ళు. అవునన్నాను. మామ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుని, "చిటికెనవేలు ఎలా ఉందే?" అని అడిగింది. ఎవరూ చెప్పనిదే ఆవిడకి వేలి సంగతి ఎలా తెలిసిందో నాకు అంతుపట్టలేదు.

ఆ రోజు నుంచి భోజనాల వేళ ఇంకో పీట వెయ్యమంటోంది. "ఎవరికి మామ్మా?" అంటే "గుమ్మంలో నిలబడి ఉన్నారుగా" అంటుంది. వేస్తున్నాను. తొంభై ఏళ్ళ మనిషితో వాదించేదేముంది?

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. సరిగ్గా తిను, మీ ఎముకల కంటే నువ్వే సన్నగా ఉన్నావని ఎవారిస్తో చెప్పాడు.

మీ అక్క సబీనా


వామంగా
మే 21

అక్కా,

ఎవారిస్తో నోటికి తాళం వెయ్యాలి. నేను బాగానే తింటున్నాను.

బూడిద సంగతి చదివి కాసేపు బయటికెళ్ళి ఎండలో నిలబడ్డాను. మనసుకి ఏది కావాలంటే బూడిదలో అదే కనిపిస్తుంది అక్కా. మామ్మకి జ్వరం ఉందేమో చూడు. ఒంట్లో బాగాలేకపోతే ముసలివాళ్ళకి అలా మనుషులు కనిపిస్తారు.

ఇక్కడ కొత్త పని వచ్చింది. మొన్నటి వానలకి పాత శ్మశానం గోడ కూలి, గూళ్ళు పగిలి, వందేళ్ళ నాటి ఎముకలన్నీ బయటపడ్డాయి. విడదీసి సర్దమని మాకు అప్పగించారు. మాకది పండగే అనుకో. ప్రతి గూటికీ రాతిపలక ఉంది, పేరుంది, వయసుంది. అంటే వీడు మగవాడు, ఈవిడ ఆడమనిషి అని ముందే తెలిసిన మన ఊళ్ళ ఎముకలు! ఇన్నాళ్ళూ మాకు అలాంటివి ఒక్కటీ లేవు.

మేం ఎలా చూస్తామో నీకెప్పుడూ చెప్పలేదు కదూ? తుంటి ఎముక వెనక ఒక గండి ఉంటుంది. అందులో బొటనవేలు పెట్టాలి. వేలు అటూ ఇటూ కదిలితే స్త్రీ, బిగుసుకుపోతే పురుషుడు. సందేహం వస్తే మా దగ్గర ఐదు ప్లాస్టర్ అచ్చులున్నాయి, పక్కన పెట్టి పోల్చుకుంటాం. ఒకటో నంబరుది బాగా వెడల్పు, ఐదో నంబరుది ఇరుకు. ఒకటీ రెండూ అయితే స్త్రీ అని రాసేస్తాం. ఆ అచ్చులు ఎప్పుడో ఉత్తరదేశాల ఆసుపత్రుల్లో పోయిన తెల్లవాళ్ళ ఎముకల నుంచి తీసినవి. మా పెద్దాయన వాటిని గాజుసామాన్లలా చూసుకుంటాడు.

మొదటి రోజే తమాషా జరిగింది. ఒక తుంటిలో నా వేలు హాయిగా తిరిగింది. 'రెండు, స్త్రీ' అని రాసి, పలక తిప్పి చూస్తే 'ఇల్దెఫోన్సో, కమ్మరి, ఆరుగురు బిడ్డల తండ్రి' అని ఉంది! అందరం పడీ పడీ నవ్వాం. పాపం కమ్మరి, వందేళ్ళ తర్వాత నా చేతిలో ఆడమనిషి అయిపోయాడు.

ఒక్క సంగతి ఎవరికీ చెప్పలేదు, నీకు చెప్తున్నాను. ఈమధ్య మధ్యాహ్నం పూట నాన్న పెట్టె పక్కన కూర్చుంటే నిద్ర ముంచుకొస్తోంది. ఎవరో తల నిమురుతున్నట్టు ఉంటోంది. నాన్న చేతులు ఎలా ఉండేవో నాకు గుర్తే లేదు. మెత్తగా ఉండేవా అక్కా?

దెల్మీరా


పుకావైకో
జూన్ 26

దెల్మీరా,

మామయ్య చేతులు మెత్తగా ఉండేవా అంటావేమిటే? గొడ్డలి పట్టిన చేతులవి. ఆయన ఎవరి తలా నిమిరినట్టు నాకు గుర్తులేదు. చంకలు పట్టుకుని గాల్లోకి ఎగరేసేవాడు, అంతే. తల నిమిరేది మా అమ్మ. నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని జడలు వేస్తూ నిమిరేది, నువ్వు అలాగే నిద్రపోయేదానివి.

మామ్మకి జ్వరం లేదు. గుర్రంలా ఉంది. బాగా లేనిది నాకే.

ఇప్పుడు బూడిద అక్కర్లేకుండా పోయింది. తెల్లవారి కొట్టు తలుపు తీసేసరికి నేలమీద పడ్డ పిండిలో అడుగులుంటున్నాయి. మొదట వారానికోసారి ఉండేవి, ఇప్పుడు రోజూ. వీధివైపు నుంచి వచ్చి, పొయ్యి దాకా వెళ్ళి, అక్కడ ఆగుతాయి. తిరిగి వెళ్ళిన గుర్తు ఉండదు. ఎడమ చిటికెనవేలు ఎప్పుడూ పక్కవేలి మీదే. కుక్క మొరగదు. పొయ్యివైపు చూసి తోకాడిస్తుంది. కొత్తవాళ్ళెవరైనా వస్తే పిక్కలు పీకే కుక్క అది, నీకు రాశానుగా.

నిన్న పగటిపూట మామ్మా నేనూ బంగాళాదుంపలు ఒలుస్తున్నాం. బయట మంచు దిగి గుమ్మం కూడా కనిపించడం లేదు. మామ్మ ఉన్నట్టుండి చెయ్యి ఆపి నవ్వింది. "సిగ్గుపడుతున్నాడే" అంది. "ఎవరు?" అన్నాను. "నువ్వు పావడా కట్టావు కదా. ఆడవాళ్ళ ముందు పావడాతో పీటమీద ఎలా కూర్చుంటాడు? ప్యాంటు ఇమ్మంటున్నాడు." దుంపలు నా ఒళ్ళోంచి జారి నేలంతా దొర్లాయి. తెయోఫిలో పేరు ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంట్లో ఎవరం ఎత్తలేదు. ఆవిడా ఎత్తలేదు. నిన్న కూడా ఎత్తలేదు, చూడు. ఎత్తకుండానే చెప్పింది.

నీ కమ్మరి కథ మొదటిసారి చదివి నవ్వాను. రెండోసారీ నవ్వాను. మూడోసారి నవ్వు రాలేదు.

మా అమ్మకి ఏ నంబరు ఇచ్చావే?

సబీనా


వామంగా
జూలై 30

సబీనా అక్కకి,

ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది, పని ఒత్తిడి ఎక్కువగా ఉంది.

గుర్తింపు నిబంధనల ప్రకారమే జరిగింది. ఇద్దరు సంతకాలు పెట్టారు. ఎముకలతో పనిచేసేవాళ్ళం అడుగులూ కలలూ లెక్కలోకి తీసుకోకూడదు. అలా తీసుకుంటే ఈ దేశంలో ఒక్క పెట్టె కూడా ఇల్లు చేరదు. మామ్మ పెద్దదైంది. దుఃఖం ఇన్నేళ్ళ తర్వాత బయటికొచ్చేటప్పుడు ఇలాగే రకరకాల రూపాల్లో వస్తుందని మాకు నేర్పించారు. కొట్టు తలుపుకి తాళం మార్పించు. వీధిలో వాళ్ళెవరైనా వస్తున్నారేమో.

జూలై అంటే మన కొండల్లో నడి చలికాలం కదా, మామ్మకి ఉన్ని మేజోళ్ళు పంపుతున్నాను.

దెల్మీరా


పుకావైకో
ఆగస్టు 20

నంబరు అడిగితే మేజోళ్ళు పంపావు. మామ్మకి సరిపోయాయి, సంతోషం.

నీ ఉత్తరం సర్కారు కాగితంలా ఉంది. 'ఇట్లు' అని రాసి ముద్ర ఒక్కటి కొట్టలేదు. నాకు చదువు ఐదో తరగతితో ఆగిపోయింది గానీ, మనిషి మొహం తిప్పుకుంటే కాగితంలో కూడా తెలుస్తుందే. నువ్వు అబద్ధం చెప్పినప్పుడల్లా మంచి మంచి మాటలు వాడతావు, చిన్నప్పటి నుంచీ అంతే.

ఏం చేశానో విను. మామ్మ పోరు పడలేక సంతకి వెళ్ళి నల్ల ఉన్నిబట్ట తెచ్చి, ప్యాంటు కుట్టాను. కుట్టి, చీకటి పడకముందే శ్మశానానికి వెళ్ళి అమ్మ శిలువ మీద వేసి వచ్చాను. తెల్లారి వెళ్తే శిలువ కింద మడత పెట్టి ఉంది. మోకాళ్ళ దగ్గర బట్ట తడిసి, ఎర్రమట్టి అంటి ఉంది. మన శ్మశానం మట్టి నలుపు. ఎర్రమట్టి ఎక్కడుంటుందో నీకు తెలుసు, ఆ గోతిలోంచి నీ చేతులతో తవ్వావు.

నేను పరుగెత్తలేదు. శిలువ పక్కన కూర్చుని ఏడ్చాను. భయంతో కాదు. ఎందుకో ఇప్పుడు చెప్పను.

దోన్ మెల్చోర్ నవంబరు చావుల పండగనాడు సమాధి దగ్గర పాలరాతి పలక పెట్టిస్తాడట, 'అమాయకురాలు ఫోర్తునాతా' అని. 'ద్రోహి చేతిలో' అన్న ముక్క కూడా చెక్కిస్తాడట. నా ఒప్పుకోలు అడిగాడు. ఆలోచిస్తానన్నాను.

నంబరు చెప్పు.

సబీనా


వామంగా
సెప్టెంబరు 24

అక్కా,

రెండు.

మీ అమ్మకి రెండో నంబరు ఇచ్చాను. అచ్చు పక్కన పెడితే అచ్చుగుద్దినట్టు ఉంది, సంబరంగా రాసేశాను.

గోడ కూలిన శ్మశానంలో మగవాళ్ళని తెలిసినవి నలభై ఒక్కటి కొలిచాం. అందులో పదమూడు మందికి ఆ అచ్చుల లెక్కన నేను స్త్రీ అనే రాసేదాన్ని. కమ్మరి ఒక్కడే కాదు అక్కా, పదమూడు మంది! మన కొండ మగవాళ్ళు పొట్టివాళ్ళు, తుంటి కట్టు వేరు. ఆ గండి మనవాళ్ళలో మగవాళ్ళకీ వెడల్పుగా ఉంటుంది. ఎవరో ఆరడుగుల తెల్లవాళ్ళ కొలతతో నేను నా ఇంటివాళ్ళని కొలిచాను. అప్పటికి నాకు అంతకన్నా తెలియదు, ఒట్టు. కానీ మే నెలాఖరుకే తెలిసింది. జూలైలో నీకు ఆ పాడు ఉత్తరం రాసేనాటికి బాగా తెలుసు.

అయినా ఇంకా ఆశ ఉండేది. పదమూడు పోగా ఇరవై ఎనిమిది మంది ఉన్నారుగా, నాది సరైనదే అయ్యుండొచ్చుగా అని. అందుకని కిటికీ కింద పెట్టె తెరిచాను. నుజ్జయిన తుంటిని ముక్క ముక్క ఏరి జిగురుతో అతికించడం మొదలుపెట్టాను. ముందు రెండు ముక్కలు అయ్యాక చేతులు ఆగిపోయాయి, నెల రోజులు ముట్టుకోలేదు. నీ ప్యాంటు ఉత్తరం వచ్చాక మళ్ళీ కూర్చున్నాను. ముప్పై ఒక్క ముక్కలు. ముందువైపు ఎముక, పొత్తికడుపు కింద కలిసేది, మొన్న మంగళవారం పూర్తయింది. గండిలా కాదు, ఆ ఎముక ఏ దేశంలోనైనా దాదాపు ఒకేమాట చెప్తుంది. పొడుగ్గా, పల్చగా, కింద వంపు విశాలంగా ఉంది. సందేహమే లేదు. అది స్త్రీ.

ఆరు నెలలుగా నేను 'వస్తాను నాన్నా' అని చెప్పి వెళ్ళింది అత్తకి.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, ఇప్పుడు దాచి ఏం లాభం? ఆగస్టులో ఒక మధ్యాహ్నం తలంటుకుని జుట్టు విరబోసుకుని ఆ పెట్టె పక్కన కునుకు తీశాను. తలుపు లోపలి గడియ వేసి ఉంది. లేచేసరికి జడ వేసి ఉంది. ఎనిమిది పాయల జడ, పుకావైకో జడ. అది నాకు వేసుకోవడం రాదు. మా అమ్మకీ వచ్చేది కాదు. నాలుగు రోజులు విప్పలేదు.

ఎందుకు దాచానంటే, మా నాన్న మొదటిసారి ఊళ్ళో పడుకున్నాడు. దారంతా మగవాళ్ళు టోపీలు తీశారని నువ్వు రాశావు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదువుకున్నానో! అది ఆయన కోసం కాదని తెలిశాక కూడా చదువుకున్నాను. నిజం చెప్తే రాత్రికి రాత్రే తవ్వి లోయలో పారేస్తారు. మా అమ్మ పోయేముందు ఆయన్ని మట్టిలో పెట్టమని ఒక్కటే అడిగింది. పెట్టేశాను, తప్పు పేరుతో, పావడా కట్టి. అలాగే ఉండనిద్దామనుకున్నాను.

అందుకు నీ అమ్మని నీకు కాకుండా చేశాను. నన్ను క్షమించమని అడగను. మా పెద్దాయనకి ఇంకా చెప్పలేదు, నువ్వు చెప్పమంటే రేపే చెప్తాను. ఏం చెయ్యాలో నువ్వే నిర్ణయించు. మా నాన్నకి ఏం జరిగినా పడతాను.

దెల్మీరా


పుకావైకో
అక్టోబరు 22

బంగారూ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. చదివి పొయ్యిలో పెట్టలేదు, భయపడకు. మామ్మకి చదివి వినిపించాను. అంతా విని, "అవును, కడిగేటప్పుడే తెలుసు. వాడి చిటికెనవేలు అలా ఉందని పొత్తిళ్ళలోనే చూశాను" అంది. మరి ఎందుకు చెప్పలేదని అడిగితే, "చెప్తే వాణ్ణి మళ్ళీ తీసుకుపోతారుగా" అంది. నువ్వూ అదే చేశావు. మీ ఇద్దరికీ నేను ఏమీ అనలేను. ఎందుకంటే మీకంటే ముందు దాచింది నేను.

మామయ్య ఎవర్నీ చూపించలేదు దెల్మీరా.

ఆ రోజు ఆడవాళ్ళందరూ గుడి ముందు కూర్చుని మొక్కజొన్నలు ఒలుస్తున్నారు. సైనికులు వచ్చారు. కొండల్లో తిరిగే తిరుగుబాటువాళ్ళకి అమ్మ రొట్టెలిచ్చిందని వాళ్ళకెవరో చెప్పారు, ఎవరో నాకు ఈ రోజుకీ తెలియదు. వాళ్ళ దగ్గర పేరుంది, మొహం లేదు. నేను ఇంటి గుమ్మంలో నిలబడి ఉన్నాను, ఎనిమిదేళ్ళు. ఒకతను వంగి బిస్కెట్ల ప్యాకెట్టు ఇచ్చాడు. జంతువుల బొమ్మల బిస్కెట్లు. "మీ అమ్మ పేరు ఫోర్తునాతా కదూ? అందులో మీ అమ్మ ఎవరు, చూపించు పాపా" అన్నాడు. అంతమందిలో మా అమ్మే అందంగా ఉందని నాకు ఎంత గొప్పో తెలుసా! చెయ్యి చాచి చూపించాను. "అదిగో, పూలటోపీ" అన్నాను.

మొహం నేనిచ్చాను.

మామయ్య చేలోంచి పరుగెత్తుకొచ్చాడు. వడగళ్ళు పడుతున్నాయని గొంగడి తలమీద కప్పుకున్నాడు. అక్కని వదలమని వాళ్ళ భాషలో బతిమాలుతూ వెంట నడిచాడు. కొండమీదికి పారిపోయి దాక్కున్న ఊరివాళ్ళకి కనిపించింది అదే, ముసుగు వేసుకున్న మనిషి సైనికులతో కలిసి నడవడం. సైనికులు తిన్నగా అమ్మ దగ్గరికే ఎలా వెళ్ళారని అందరూ అనుకున్నారు. 'తెయోఫిలో చూపించాడు' అన్నారు. నేను ఆయన పేరు చెప్పలేదు. కాదని కూడా చెప్పలేదు. మొదట భయమేసి చెప్పలేదు, తర్వాత ఆలస్యమైపోయిందని చెప్పలేదు. మీ మీద రాళ్ళు పడ్డ రోజు నేను ఇదే గుమ్మంలో నిలబడి చూశాను. ఒకటి నీ చెవి పక్క నుంచి పోయింది.

బూడిదలో అడుగు చూసిన క్షణమే ఎవరిదో తెలిసింది నాకు. నా కోసం వచ్చాడనుకున్నాను, లెక్క తీర్చుకోవడానికి. ఏడు నెలలు రోజూ తెల్లవారి భయపడుతూనే తలుపు తీశాను. నిన్ను నంబరు అడిగింది అమ్మ కోసమే గానీ, నువ్వు 'ఒకటి' అంటే బాగుండునని, అది అమ్మే అని తేలిపోవాలని కూడా మొక్కుకున్నాను.

పోయిన ఆదివారం ఊరందర్నీ పిలిచి చెప్పేశాను. నిలబడి, గట్టిగా, బిస్కెట్ల దాకా. దోన్ మెల్చోర్ లేచి టోపీ తీశాడు. "మీ కోడలి మీద మొదటి రాయి వేసింది నేనేనమ్మా" అన్నాడు మామ్మతో. మామ్మ "తెలుసు నాయనా, నీ గొంతు గుర్తుపట్టాను" అంది. కొందరు ఆడవాళ్ళు నాకు దూరంగా జరిగి కూర్చున్నారు. రొట్టెలకి రావడం మానేశారు. రానీ మానీ, దాన్ని నేను మొయ్యాలి.

మామయ్యని ఎవరూ తవ్వరు. తెరుస్తారు, అంతే. పావడా తీసి ఆ నల్ల ప్యాంటు తొడుగుతాం. మగవాళ్ళు మళ్ళీ టోపీలు తీస్తారట, ఈసారి ఆయనకే. పక్కనే అమ్మకి గొయ్యి తవ్వేశారు. మీ పెద్దాయనకి చెప్పి, కాగితాలు సరిచేయించు. ఆ అచ్చులు కూడా నేలకేసి కొట్టమను.

ఇది విను. ఊరికి చెప్పిన మర్నాడు తెల్లవారి కొట్టు తలుపు తీశాను. పిండిలో అడుగులున్నాయి. ఈసారి పొయ్యి దగ్గర మొదలై గుమ్మంలోంచి బయటికి వెళ్ళాయి. గుమ్మం దాకా ఒక్కడివే. గుమ్మం దగ్గర నుంచి పక్కనే ఇంకో జత, చిన్నవి, ఉత్తకాళ్ళవి. ఎనిమిదేళ్ళ పిల్ల పాదాలంత. గుమ్మంలో నిలబడిపోయిన పిల్లని చెయ్యి పట్టుకుని నడిపించుకు వెళ్ళినట్టు, వీధి చివరి దాకా ఉన్నాయి. నా కాలు పక్కన పెట్టి చూసుకుని, అక్కడే కూలబడి పెద్దగా ఏడ్చేశాను. ఆ తర్వాత అడుగులు రాలేదు. భోజనాల దగ్గర వేసే ఆ పీట మామ్మ తీసెయ్యమంది.

చావుల పండగకి పిండి కలిపాను. నువ్వొచ్చేసరికి కాల్చేస్తాను, అమ్మకి రొట్టె పాపాయి, మామయ్యకి రొట్టె గుర్రం. పేర్లు చెక్కి మరీ చేస్తాను, ఈసారి ఎవరిది ఎవరికో తప్పు రాకుండా.

ముప్పై ఒకటో తారీఖు ఎవారిస్తో లారీకి రా. పెట్టె వెనక సామాన్లలో పడేయనివ్వకు. ముందు సీట్లో కూర్చుని ఒళ్ళో పెట్టుకో. చిన్నప్పుడు నిన్ను ఒళ్ళో పెట్టుకున్న మనిషి. పొలిమేర దగ్గర తలుపులు తీసే ఉంటాయి.

సబీనా